పరుగు దమ్ము – ఈత దమ్ము

1912వ సంవత్సరం జులై నెలలో స్వీడను రాజధాని స్టాక్‌హోంలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఒక కొత్త పోటీ చేర్చబడినది. ఒకే మనిషి పిస్తోలు పేల్చవలెను, 300 మీటర్లు ఈదవలెను, కత్తిసాము చేయవలెను, గుర్రమెక్కి అడ్డంకులు దాటవలెను, చివరకు మిట్టపల్లాల వెంట 4,000 మీటర్లు పరుగెత్తవలెను. శత్రువుల నడుమ చిక్కుపడిన సైనికుడు ప్రాణాలతో బయటపడడానికి ఏయే విద్యలు కావలెనో అవన్నీ ఇందులో ఉండవలెనని ఆధునిక ఒలింపిక్ క్రీడల స్థాపకుడైన కూబర్టిన్ సంకల్పం. ఈ పోటీలో మొదటి స్థానాలన్నీ స్వీడను వారికే దక్కినవి. అయిదవ స్థానం అమెరికా సైన్యానికి చెందిన 26 ఏండ్ల లెఫ్టినెంటుకు వచ్చినది. ఆయన పేరు జార్జి ప్యాటన్. రెండవ ప్రపంచ యుద్ధంలో సేనానిగా పేరు మోసిన ప్యాటన్ ఈయనే. ఈతలో ఆయన ఏడవవాడు. పరుగులో మూడవవాడుగా వచ్చి, గమ్యం చేరగానే సొమ్మసిల్లి పడిపోయినాడు.

పరుగులో మూడవవాడు ఈతలో ఏడవవాడు ఎందుకైనాడు? ఊపిరితిత్తులు అవే, గుండె అదే, గుండె నిండా పట్టుదల అంతకన్న అదే. మన తెలుగువారు ఇటువంటి సందర్భంలో ఒక చక్కని మాట వాడుతారు. దమ్మున్నవాడు అంటారు. ఎంత దూరం పోయినా రొప్పనివాడు, ఎంత బరువు మోసినా ఆయాసపడనివాడు దమ్మున్నవాడు. అయితే ఈ దమ్ము అన్నది మనిషిలో ఒకటే ఉంటుందా, లేక నేలమీద ఒక దమ్ము, నీటిలో మరొక దమ్ము ఉంటాయా? ఒక ఆటలో మెరుగుపడడానికి మరొక ఆటను సాధన చేసే పద్ధతిని క్రాస్ ట్రైనింగ్ అంటున్నారు. దాని చరిత్ర అంతా నిజానికి ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినదే. వినోదానికి వేసుకొనే ప్రశ్నగా దీనిని కొట్టివేయడానికి వీలులేదు. దీనికి తప్పు సమాధానం చెప్పుకొని ఏటిలో దిగినవారు కొందరు తిరిగి గట్టుకు రాలేదు.

శాస్త్రం ఈ ప్రశ్నను మొదట నేలమీదనే పట్టుకొన్నది. ఇంగ్లండులో ఎ.వి.హిల్ అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. కండరాలలో వేడి పుట్టే తీరును కనుగొన్నందుకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానంలో భాగం పొందినవాడు. ఈయన స్వయంగా మంచి పరుగుగాడు. మాంచెస్టరులో పచ్చికమీద గుండ్రని బాట ఏర్పరచి, వీపున పెద్ద గాలిసంచి తగిలించుకొని, నోటికి గొట్టం పెట్టుకొని, తానే పరుగెత్తినాడు. వదలిన ఊపిరి అంతా సంచిలోకి పోతుంది. తరువాత ఆ గాలిని పరీక్షించి, శరీరం నిమిషానికి ఎంత ప్రాణవాయువును వాడుకొన్నదో లెక్క కట్టేవారు. ఇంటిముందు ఒక పెద్దమనిషి సంచి మోసుకొంటూ గుండ్రంగా పరుగెత్తుతుంటే మన ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో గాని, ఆ పరుగు ఫలితంగా 1923లో హిల్, ఆయన సహచరుడు లప్టన్ ఒక ముఖ్య విషయం ప్రకటించినారు. వేగం పెంచినకొద్దీ ప్రాణవాయు వినియోగం పెరుగుతుంది. ఒక హద్దు వచ్చిన తరువాత వేగం ఎంత పెంచినా అది ఇక పెరగదు. హిల్ శరీరానికి ఆ హద్దు నిమిషానికి సుమారు 4 లీటర్లు. మన దమ్ముకు కొలబద్ద దొరికినది.

కొలబద్ద దొరికిన వెంటనే, దమ్ము ఒకటే అన్న అభిప్రాయానికి బలం చేకూరినది. ప్రాణవాయువును లోనికి తీసేవి ఊపిరితిత్తులు, ఒంటికి పంచేది గుండె. ఇవి మనిషికి రెండేసి జతలు లేవు కదా. కనుక పరుగుతో గుండెను పెంచుకొన్నవాడు ఆ గుండెను తనతో నీటిలోకి కూడా తీసుకొని పోతాడు. ఈ తర్కంలో దోషం పట్టడం అంత సులభం కాదు. తర్వాత అర్ధశతాబ్దం పట్టినది.

ఈలోపల జర్మనీలోని ఫ్రయిబుర్గ్ నగరంలో ఒక శిక్షకుడు, ఒక హృద్రోగ వైద్యుడు జతకూడినారు. శిక్షకుడు గెర్ష్లర్, వైద్యుడు రైండెల్. పరుగుగానిని ఏకబిగిన అలసిపోయేదాకా పరుగెత్తించే పాత పద్ధతిని వారు మార్చినారు. కొంత దూరం వేగంగా పరుగెత్తించి, నాడి నిమిషానికి 180 దెబ్బలకు చేరగానే ఆపుతారు. నాడి 120కి దిగగానే మళ్ళీ పరుగు. గుండె పెంపొందేది పరుగులో కాదు, మధ్య విరామంలో అని వారి సిద్ధాంతం. అందుకే దానికి ఇంటర్వల్ ట్రైనింగ్, అనగా విరామ సాధన, అన్న పేరు వచ్చినది. గెర్ష్లర్ శిష్యుడు రుడోల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాను నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకండ్లలో పరుగెత్తినాడు. ఆ రికార్డును 1955 వరకు ఎవ్వరూ చెరపలేకపోయినారు. పాపం హార్బిగ్ మాత్రం 1944లో యుద్ధరంగంలో మరణించినాడు. చెకొస్లొవేకియా సైనికుడు ఎమిల్ జాటొపెక్ తనదైన ధోరణిలో 400 మీటర్ల పరుగులను లెక్కకు మిక్కిలిగా మళ్ళీమళ్ళీ చేసి, 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాను మూడింటిలోను గెలిచినాడు.

ఈ పరుగుబాటల విద్య ఈతకొలనులోకి దిగిన కథ మాకు మిక్కిలి ఇష్టమైనది. ఆ కథకు నాయకుడు ఆస్ట్రేలియాకు చెందిన ఫోర్బ్స్ కార్లైల్. సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ కాటన్ అనే ఆచార్యుని వద్ద శరీరధర్మ శాస్త్రం చదివి, అక్కడనే బోధించినాడు. గురుశిష్యులిద్దరూ ఈతగాళ్ళను పరీక్షాపాత్రలుగా చేసుకొన్నారు. నాడి చూచేవారు, రక్తం పరీక్షించేవారు, గుండె విద్యుత్తరంగాల పటాలు తీసేవారు. ఈతకు ముందు వేడినీళ్ళ స్నానం చేయిస్తే వేగం కొద్దిగా పెరుగుతుందని కూడా కార్లైల్ 1956లో ప్రకటించినాడు. పందెానికి కొన్ని దినాల ముందునుండి సాధన క్రమంగా తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇవ్వవలెనన్న పద్ధతి ప్రచారంలోకి రావడానికి ఈ గురుశిష్యులే ముఖ్యులు. విరామ సాధనకు ఈతకొలను పరుగుబాటకన్న అనుకూలమైన చోటు. గోడకు గోడకు మధ్య దూరం కొలిచి ఉంచినదే. గోడమీద గడియారం పెట్టి, ఇన్ని సెకండ్లకు ఒకసారి బయలుదేరండి అంటే చాలు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఈతకు 13 స్వర్ణపతకాలు ఉండగా ఆస్ట్రేలియా ఒక్కటే 8 గెలుచుకొన్నది. అందరూ కార్లైల్ శిష్యులు కారు గాని, ఆ దేశపు శిక్షకులందరికీ ఆ గాలి సోకినది.

ఇందులో ఒక విశేషం కలదు. 1948 లండను ఒలింపిక్స్‌కు ఈతజట్టు శిక్షకుడుగా వెళ్ళిన కార్లైల్, నాలుగేండ్ల తరువాత హెల్సింకీకి పోటీదారుగా వెళ్ళినాడు. ఏ పోటీకి అనుకొన్నారు? మనం మొదట చెప్పుకొన్న ఆ అయిదు విద్యల పోటీకే. ఈత ఆయనకు కరతలామలకం. పరుగు, గుర్రం, కత్తి, పిస్తోలు మాత్రం వేరుగా నేర్చుకొనవలసి వచ్చినది. జాటొపెక్ పరుగెత్తిన ఆ దినాలలోనే కార్లైల్ కూడా ఆ దేశంలో పరుగెత్తినాడన్నమాట.

అయితే కార్లైల్ పరుగునుండి తీసుకొన్నది ఏమిటి? జాగ్రత్తగా చూడవలెను. ఆయన తన ఈతగాళ్ళను పరుగుగాళ్ళుగా మార్చలేదు. పరుగువారి పద్ధతిని తీసుకొన్నాడు, దానిని నీటిలో అమలు జరిపినాడు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు జేమ్స్ కౌన్సిల్‌మన్ 1968లో వెలువరించిన ఈతశాస్త్ర గ్రంథంలోను విరామ సాధనకు పెద్దపీట ఉన్నది. అదీ నీటిలో చేసే విరామ సాధనయే. పద్ధతి నేలనుండి నీటికి దాటినది. దమ్ము దాటినదా? ఈ రెండు ప్రశ్నలను చాలామంది కలగలిపినారు. ఇప్పటికీ కలగలుపుతున్నారు.

దీనిని తేల్చడానికి ఒక సాధనం కావలసి వచ్చినది. పరుగెత్తేవానికి ట్రెడ్‌మిల్ ఉన్నది. కాళ్ళ కింద పట్టా కదులుతుంది, మనిషి ఉన్నచోటనే ఉంటాడు, పక్కన నిలబడి ఊపిరి కొలవవచ్చు. ఈదేవానికి అటువంటిది ఏది? స్వీడను శాస్త్రజ్ఞుడు ఆస్ట్రాండ్, ఆయన సహచరులు స్టాక్‌హోంలో ఒక నీటికాలువను నిర్మించినారు. యంత్రం నీటిని కోరిన వేగంతో పారిస్తుంది, ఈతగాడు ఎదురీదుతూ ఉన్నచోటనే ఉంటాడు. ఆ కాలువలో 1972 ప్రాంతాల ఇంగ్వర్ హోల్మెర్ పలువురిని పరీక్షించినాడు. వారిలో కవలలైన ఆడపిల్లలు ఇద్దరు ఉన్నారు. ఒకామె పోటీలకోసం ఈత సాధన చేస్తున్నది, రెండవ ఆమె చేయడంలేదు. ఇద్దరినీ ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూస్తే ప్రాణవాయు వినియోగపు హద్దు దాదాపు సమానం. నీటిలో దించి చూస్తే సాధన చేస్తున్న ఆమె తోబుట్టువును ఎంతో మించిపోయినది. ఒక్క తల్లి కడుపున ఒకేసారి పుట్టినవారు, నేలమీద ఒకే దమ్ము గలవారు, నీటిలో ఇద్దరు వేరువేరు మనుషులు. ఈ ఒక్క పరీక్ష మాకు నూరు పుస్తకాలతో సమానంగా తోచినది.

1975లో అమెరికాలో మేగెల్, ఆయన సహచరులు దీనిని మరొక వైపునుండి పరీక్షించినారు. 15 మంది పురుషులచేత 10 వారాలపాటు, వారానికి మూడు దినాలు, దినానికి ఒక గంట చొప్పున ఈదించినారు. ఈతలో వారి ప్రాణవాయు వినియోగపు హద్దు సుమారు నూటికి 11 వంతులు పెరిగినది. వారినే పరుగెత్తించి చూస్తే లెక్కించదగిన పెరుగుదల లేదు. మూడేండ్లకు ఈ బృందంలోని వారే కొందరు తిరగవేసి చూచినారు. పరుగు సాధన చేయించి, పరుగులోను ఈతలోను కొలిచినారు. పరుగులో వచ్చిన పెరుగుదలలో సగంకన్న తక్కువ భాగమే ఈతలో కనబడినది. అనగా కొంత దాటుతుంది; చాలాభాగం దాటదు.

ఎందుకు దాటదు? గుండె ఒకటే అన్న తర్కం ఎక్కడ తప్పినది? గుండె పంపిన నెత్తురును వాడుకొనవలసినది కండరం. పరుగులో పని అంతా తొడలది, పిక్కలది. నెలల తరబడి పరుగెత్తితే ఆ కండరాలలోనే సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ప్రాణవాయువును వాడుకొనే ఏర్పాట్లు పెరుగుతాయి. ముందుకు బారలు వేసే ఈతలో మనిషిని లాగేవి ముఖ్యంగా చేతులు, భుజాలు, వీపు. పరుగుగాని భుజాలకు ఆ సాధన ఏదీ? నిండిన చెరువు ఉన్నదని, కాలువ తవ్వని పొలానికి నీరు పారదు కదా.

రెండవది, పడక. పరుగెత్తేవాడు నిలువుగా ఉంటాడు, ఈదేవాడు అడ్డంగా ఉంటాడు. అడ్డంగా ఉన్నప్పుడు నెత్తురు గుండెకు సులభంగా తిరిగివస్తుంది, నీరు ఒంటివేడిని లాగివేస్తుంది. అందువల్ల ఒకే మనిషికి ఎంత కష్టపడినా ఈతలో నాడి, పరుగులో చేరే పై హద్దుకు నిమిషానికి పది పన్నెండు దెబ్బలు తక్కువగానే ఆగుతుంది. పరుగులో నాడి ఎంత ఉన్నదో చూచి, ఈతలోను అంతే రావలెనని పట్టుబట్టే సాధకుడు తనను తాను అనవసరంగా హింసించుకొంటాడు.

ఊపిరి సంగతి మరీ ముఖ్యం. నేలమీద ఊపిరి కావలసినప్పుడు పీల్చుకోవచ్చు. నీటిలో బారకు అనుగుణంగా, తల పక్కకు తిరిగినప్పుడే పీల్చవలెను. నీటిలో ముఖం ఉండగానే వదలవలెను. మంచి పరుగుగాళ్ళు మొదటి దినాలలో 25 మీటర్లకే ఎగరొప్పుతూ గోడ పట్టుకొనడం ఈత నేర్పేవారందరూ ఎరిగినదే. దమ్ము లేక కాదు. దమ్మును వాడుకొనే వేళ తెలియక.

అన్నిటికన్న పెద్ద కారణం నేర్పు. నీరు గాలికన్న సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందులో ఖర్చు చేసిన శక్తిలో మనిషిని ముందుకు నడిపేది కొద్దిభాగమే. తక్కినదంతా నీటిని చిలకడానికి పోతుంది. అంత చక్కగా ఈదేవారికి కూడా ఒక కిలోమీటరు ఈదడానికి, ఒక కిలోమీటరు పరుగెత్తడానికి అయ్యే శక్తికి నాలుగు రెట్లు అవుతుందని స్థూలమైన లెక్క. రికార్డులు చూచినా ఇది తెలుస్తుంది. మొరాకో దేశస్థుడు ఎల్ గెరూజ్ 1999లో ఒక మైలును, అనగా సుమారు 1,609 మీటర్లను, 3 నిమిషాల 43.13 సెకండ్లలో పరుగెత్తినాడు. జర్మనీకి చెందిన బీడర్‌మన్ 2009లో 400 మీటర్లు ఈదడానికి 3 నిమిషాల 40.07 సెకండ్లు పట్టినది. ఒకే కాలం, నాలుగోవంతు దూరం. ఇది శ్రేష్ఠుల లెక్క. నేర్పు లేనివానికి ఇంకెన్ని రెట్లు ఖర్చో ఊహించుకొనవచ్చు. పైగా పరుగుగాని మడమ బిగువుగా ఉంటుంది. నేలను తన్నడానికి ఆ బిగువు మేలు చేస్తుంది. ఈతలో పాదం వెనుకకు చాపుగా వంగి చేపతోకవలె ఆడవలెను. బిగిసిన మడమ గల పాదం నీటిని పట్టుకొని వెనుకకు లాగుతుంది. కొవ్వులేని బరువైన కాళ్ళు కిందికి దిగుతాయి, ఒళ్ళు ఏటవాలు అవుతుంది, నీరు ఇంకా అడ్డుతుంది.

ఇక్కడ ఒక్కసారి మన ఊళ్ళవైపు చూద్దాం. పూర్వం పల్లెలలో పిల్లవానికి వీపున మునగబెండ్లు కట్టి దిగుడుబావిలో దింపేవారు. రోజురోజుకు బెండ్లు తగ్గించేవారు. మేనమామో, పాలేరో గట్టున కూర్చుండేవాడు. వాడు ఎంత పరుగెత్తగలడని ఎవ్వరూ అడిగేవారు కారు. నేడు బావులు చాలాచోట్ల పూడిపోయినవి. ఆటస్థలాలలో, వ్యాయామశాలలలో ఒళ్ళు గట్టిపరచుకొన్న యువకులు సెలవుదినాన కృష్ణకో గోదావరికో వెళ్ళి, అవతలి గట్టు ఎంత దూరమని అంచనా వేస్తారు. ఆ అంచనా నేలమీది కాళ్ళతో వేసినది. అంత దూరం పరుగెత్తడం వారికి లెక్కలోనిది కాదు. నాలుగు రెట్ల ఖర్చు, దిగబడే కాళ్ళు, వేళకు అందని ఊపిరి ఆ లెక్కలోకి రావు. భయం కలిగిన క్షణాన పరుగుకు అలవాటుపడిన కాళ్ళు నీటిలో కూడా నిలువుగా పరుగెత్తబోతాయి. మనిషి ముందుకు సాగడు, దమ్ము మాత్రం హరించుకొనిపోతుంది.

ఇంత చెప్పినందున పరుగు ఈతకు దండుగ అని మా అభిప్రాయం కాదు. అసలు ఏ సాధనా లేనివానికి పరుగువలన గుండె, ఊపిరితిత్తులు పెంపొందుతాయి. కొలను దొరకని ఊరిలో, కొలను మూసివేసిన నెలలలో ఉన్న దమ్ము తరిగిపోకుండా పరుగు కాపాడుతుంది. ఈతగాళ్ళకు మరొక లాభం కూడా కలదు. నీరు ఒంటి బరువును మోసివేస్తుంది గనుక ఈత ఒక్కటే చేసేవారి ఎముకలకు, పరుగెత్తేవారి ఎముకలకు వచ్చే గట్టిదనం రాదు. ఎదిగే పిల్లలకు వారంలో కొంత పరుగు, కొంత గెంతు ఉండడం ఈ కారణాన మంచిది. చీలమండ బెణకని చోటు చూచి పరుగెత్తించవలెను. బెణికితే రెండు విద్యలూ ఆగుతాయి. అటునుంచి ఇటు చూస్తే, కాలికి దెబ్బ తగిలిన పరుగుగాళ్ళు నడుముకు తేలుడుపట్టీ కట్టుకొని, పాదం అడుగు తాకని లోతునీటిలో పరుగెత్తే చేష్టలు చేసి, కొన్ని వారాలపాటు తమ దమ్మును నిలుపుకొంటున్నారు. అదే పనిని అవే కండరాలచేత చేయించడంలోనే దాని రహస్యం ఉన్నది. పోటీ ఈతలో అగ్రశ్రేణికి చేరినవారికి మాత్రం గంటసేపు పరుగుకన్న గంటసేపు నీరే ఎక్కువ ఫలమిస్తుంది. కార్లైల్, ఆయన భార్య ఉర్సులా తీర్చిన షేన్ గూల్డ్ పదిహేనవ ఏట, 1972 ఆరంభానికి, స్త్రీల ఫ్రీస్టైల్ ఈతలో 100 మీటర్లనుండి 1,500 మీటర్ల వరకు అన్ని ప్రపంచ రికార్డులను ఒకేసారి తన పేర నిలుపుకొన్నది.

శాస్త్రజ్ఞులు ఇంత తేల్చిన తరువాత కూడా వాదం ఆగలేదు. 1977లో హవాయి దీవులలోని ఓవాహులో ఒక పరుగుపందెం బహుమతి ప్రదానానికి చేరినవారు, పరుగుగాళ్ళు గట్టివారా, ఈతగాళ్ళు గట్టివారా అని వాదులాడుకొన్నారు. సైకిలువారే అందరిలోను గట్టివారని నౌకాదళాధికారి జాన్ కాలిన్స్ మరొక మాట కలిపినాడు. మాటలతో తెగక ఆయన ఒక పందెం ప్రతిపాదించినాడు. 2.4 మైళ్ళు సముద్రంలో ఈత, 112 మైళ్ళు సైకిలు, ఆపైన మారథాను పరుగు, అన్నీ ఒకే దినాన. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయలుదేరినారు. 12 మంది ముగించినారు. గెలిచినవాడు గోర్డన్ హాలర్, కాలం 11 గంటల 46 నిమిషాల 58 సెకండ్లు. సైకిలు దిగేసరికి ముందున్నవాడు జాన్ డన్‌బార్. హాలర్ అతనిని పరుగులో దాటిపోయినాడు.

పరుగువారు దీనిని తమ విజయంగా చెప్పుకొనవచ్చు. కాని లెక్క చూడండి. దాదాపు పన్నెండు గంటలలో ఈతకు గెలిచినవానికి పట్టినది గంటన్నర లోపు. పరుగుకు మూడున్నర గంటలు. ఈతను మరికొన్ని మైళ్ళు పొడిగించి ఉంటే ఫలితం ఏమయ్యేదో అని ఈతగాళ్ళు ఉక్రోషపడితే తప్పుపట్టలేము. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ మూడువిద్యల పందెం ప్రవేశించినప్పుడు కూడా ఈత 1,500 మీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లుగానే నిర్ణయించినారు. వాదాన్ని లేవదీసిన కాలిన్స్ దొర ఆనాడు తాను కూడా పందెంలో దిగినాడు. 17 గంటలకు గమ్యం చేరి, తొమ్మిదవవాడుగా నిలిచినాడు.